గాలి కలిపిన కాంక్రీటు మన ఎండలకు అవసరమా? పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కాంక్రీటులో కావాలనే సన్నటి గాలి బుడగలు పుట్టించే కెమికల్ కలిపి అమ్మడం హైదరాబాద్ రెడీమిక్స్ ప్లాంట్లలో కొన్నిచోట్ల మొదలైంది. దాని గురించి ఇల్లు కట్టుకునేవాళ్లూ, సైటు ఇంజినీర్లూ అడిగినవాటికి జవాబులివి.

ప్రశ్న: అల్వాల్‌లో 200 గజాల్లో జి ప్లస్ టూ కడుతున్నాం. మే నెలాఖరులో స్లాబ్ వేయాలి. రెడీమిక్స్ వాళ్లు "ఎయిర్ ఎంట్రెయిన్డ్ కాంక్రీటు తీసుకోండి, ఎండకు పగుళ్లు రావు, ఇల్లు చల్లగా ఉంటుంది" అంటూ క్యూబిక్ మీటరుకు అదనంగా అడుగుతున్నారు. తీసుకోవాలా?

వద్దు. మీ స్లాబుకు దానివల్ల లాభం లేదు. పైగా బలం తగ్గుతుంది.

ఈ కాంక్రీటు పుట్టింది మంచు పడే దేశాల కోసం. కాంక్రీటులోని సన్నటి రంధ్రాల్లో నీళ్లుంటాయి. అవి గడ్డకడితే పరిమాణం 9 శాతం దాకా పెరుగుతుంది. ఆ ఒత్తిడి పోవడానికి చోటు లేకపోతే కాంక్రీటు లోపలి నుంచే చిట్లి పొరలుగా ఊడిపోతుంది. మిల్లీమీటరులో పదో వంతు ఉండే బుడగలు, ఒకదానికొకటి 0.2 మి.మీ. కన్నా ఎక్కువ ఎడం లేకుండా అంతటా పరుచుకుని ఉంటే, గడ్డకట్టే నీటి ఒత్తిడి వాటిలోకి పోతుంది. 1930ల చివర్లో అమెరికా రోడ్ల మీద ఈ సంగతి బయటపడింది. అప్పటినుంచి చలి దేశాల్లో ఇది తప్పనిసరి అయింది.

హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అదీ 1946 జనవరి 8న. నీళ్లు గడ్డకట్టని ఊళ్లో స్లాబుకు ఈ రక్షణ దేనికి? కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 456 కోడ్ కూడా గాలి కలపమని అడిగేది గడ్డకట్టి కరిగే పరిస్థితి ఉన్నచోటే. అలాంటి చోట ఎం-50 (28 రోజులకు 50 ఎంపీఏ బలం వచ్చే గ్రేడు; ఎంపీఏ అంటే బలం కొలిచే యూనిట్) కన్నా తక్కువ గ్రేడు వాడితే, 20 మి.మీ. కంకరకు 5 శాతం, 40 మి.మీ. కంకరకు 4 శాతం గాలి ఉండాలంటుంది. ఒక శాతం అటూ ఇటూ ఉండొచ్చు. గాలి వల్ల బలం తగ్గుతుంది కాబట్టి మిక్స్ డిజైన్ సరిచేసుకోమని అక్కడే చెబుతుంది.

బలం ఎంత తగ్గుతుందంటే, అదనంగా చేరే ప్రతి ఒక శాతం గాలికి సుమారు 5 శాతం. ఎం-25 కాంక్రీటును ప్లాంటు వాళ్లు 31.6 ఎంపీఏ వచ్చేలా డిజైన్ చేస్తారు. మామూలుగా ఒక శాతం దగ్గరుండే గాలి ఆరు శాతానికి పెరిగితే, మిక్స్ మార్చనంత వరకూ ఆ 31.6 కాస్తా 24 కిందికి దిగుతుంది. మీరు డబ్బు కట్టిన గ్రేడు చేతికి రానట్టే.

ఇక "పగుళ్లు రావు" అన్న మాట. మే నెలలో స్లాబ్ వేసిన గంట రెండు గంటల్లో పైన వంకరటింకరగా వచ్చే పగుళ్లకు కారణం, నీరు అడుగు నుంచి పైకి చేరే వేగం కన్నా పైనుంచి ఆవిరయ్యే వేగం ఎక్కువ కావడం. గాలి 40 డిగ్రీలు, తేమ 25 శాతం, కాంక్రీటు 35 డిగ్రీలు, గాలివేగం గంటకు 15 కిలోమీటర్లు ఉంటే చదరపు మీటరుకు గంటకు దాదాపు 1.3 కిలోల నీరు ఆవిరవుతుంది. అంటే వంద చదరపు మీటర్ల స్లాబు మీద గంటకు 130 లీటర్లు. చదరపు మీటరుకు ఒక కిలో దాటితే పగుళ్లు తప్పవనుకోవాలి. గాలి బుడగలున్న కాంక్రీటులో పైకి తేలే నీరు మామూలు కన్నా తక్కువ. కాబట్టి మన ఎండల్లో దాని పైపొర ఇంకా త్వరగా ఎండిపోతుంది. ఏ పగుళ్లు రావని చెప్పి అమ్ముతున్నారో, జాగ్రత్త పడకపోతే ఆ పగుళ్లే ఎక్కువవుతాయి.

ఆ అదనపు డబ్బును ఇలా ఖర్చు పెట్టండి. స్లాబ్ సాయంత్రం నాలుగున్నర తర్వాతే మొదలెట్టండి. గాలి 30 డిగ్రీలకు, గాలివేగం గంటకు 8 కిలోమీటర్లకు దిగి, తేమ 45 శాతానికి చేరితే, ఆవిరయ్యేది పైన చెప్పినదాంట్లో సుమారు 60 శాతమే. సెంట్రింగ్ ప్లేట్లనూ కడ్డీలనూ ముందుగా నీళ్లతో తడిపి చల్లబరచండి, కానీ నీళ్లు నిలవనీయకండి. గాలి వచ్చే వైపు పిట్టగోడ ఎత్తున పట్టా కట్టండి. ఆవిరి తగ్గడంలో దీనికి చాలా పాత్ర ఉంది, మన సైట్లలో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. చదును చేసిన భాగాన్ని చేసినట్టే ప్లాస్టిక్ షీటుతో కప్పుతూ పోండి. మొత్తం అయ్యాక కప్పుదామంటే ఆలస్యమే. కాంక్రీటు గట్టిపడకముందే పగులు కనిపిస్తే చెక్క తాపీతో కొట్టి మూసేయొచ్చు. గట్టిపడ్డాక పైన సిమెంటు పాలు పోస్తే పగులు కంటికి కనబడదు, అంతే. మర్నాడు మడులు కట్టి నీళ్లు నిలపండి. మీరు వాడేది ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా మిగిలే సన్న బూడిద) ముందే కలిపిన పీపీసీ సిమెంటు గానీ, ఫ్లైయాష్ కలిపిన రెడీమిక్స్ గానీ అయితే, పది రోజులు తప్పనిసరి, 14 రోజులైతే మంచిది.

చల్లదనం మాట కూడా నిజం కాదు. నాలుగైదు శాతం గాలితో స్లాబ్ వేడిని ఆపే గుణంలో మీకు తెలిసేంత మార్పు రాదు. దానికి పైన తెల్లటి కూల్ రూఫ్ పూత గానీ టైల్స్ గానీ వేయించుకోండి.

ప్రశ్న: గాలి కలిపిన కాంక్రీటూ, ఏఏసీ బ్లాకులూ ఒకటేనా? మా కాంట్రాక్టరు ఒకటే అంటున్నాడు. – ఒక పాఠకురాలు, నిజాంపేట

కాదండీ. ఏఏసీ బ్లాకుల్లో అల్యూమినియం పొడి సున్నంతో కలిసి హైడ్రోజన్ పుట్టించి ముద్దను పొంగిస్తుంది. తర్వాత ఆటోక్లేవ్‌లో ఆవిరి ఒత్తిడి మీద ఉడికిస్తారు. బ్లాకులో ఎక్కువ భాగం ఖాళీయే, ఎండిన బ్లాకు నీళ్ల కన్నా తేలిక. అవి గోడలకు. మీరు స్లాబుకూ పిల్లర్లకూ వాడే కాంక్రీటులో కలిపే గాలి అయిదారు శాతం మించదు, దాని బరువు మామూలు కాంక్రీటు బరువుకు దగ్గరే. మేడ మీద వాలు కోసం పోసే ఫోమ్ కాంక్రీటు మూడో రకం, అది భారం మోసేది కాదు.

ప్రశ్న: కొంపల్లి దగ్గర అపార్టుమెంటు సైటులో ఇంజినీరుగా పనిచేస్తున్నాను. బలం పరీక్ష కోసం పోసిన మా ఎం-25 క్యూబులు 28 రోజులకు 22, 23 ఎంపీఏ దగ్గరే ఆగిపోతున్నాయి. స్లంప్ (తాజా కాంక్రీటు ఎంత జారుతుందో చూపే కొలత) సరిగ్గానే ఉంది. నీళ్లు కలపలేదని మిల్లర్ (రెడీమిక్స్ తెచ్చే లారీ) డ్రైవర్లు ఒట్టేసి చెబుతున్నారు. బూమ్ పంపు హాపర్‌లో కాంక్రీటు నురగ నురగగా కనిపిస్తోంది. ప్లాంటు వాళ్లు ఎయిర్ కెమికల్ వాడలేదంటున్నారు. ఎక్కడ వెతకాలి?

ముందు క్యూబుల బరువు చూడండి. ల్యాబ్ రిపోర్టులో బరువు కాలమ్ ఉంటుంది, కానీ దాన్ని చదివేవాళ్లు తక్కువ. 150 మి.మీ. క్యూబు పరిమాణం 3.375 లీటర్లు. మన గ్రానైటు కంకరతో చేసిన మంచి క్యూబు 8.1 కిలోలకు అటూ ఇటూ తూగాలి. మీవి 7.7 దగ్గరుంటే దోషం గాలిదే. నీళ్లు ఎక్కువైతే కూడా బరువు తగ్గుతుంది, కానీ క్యూబిక్ మీటరుకు 20 లీటర్లు అదనంగా పోసినా 8 కిలోల దగ్గరే ఆగుతుంది. నీటి వల్ల 7.7కు రాదు.

తర్వాత పగిలిన క్యూబు ముక్కను భూతద్దంతో చూడండి. గుండ్రంగా, ఒకే రకంగా, ఇడ్లీ తుంచినప్పుడు కనిపించే గుల్లల్లా అంతటా పరుచుకుని ఉంటే అది కెమికల్ పుట్టించిన గాలి. వంకరగా, పెద్దగా, మూలల్లోనూ కంకర కిందా గుమికూడి ఉంటే క్యూబు నింపేటప్పుడు సరిగా కూరలేదని అర్థం. అప్పుడు తప్పు ప్లాంటుది కాదు, మీ క్యూబు బాయ్‌ది.

తాజా కాంక్రీటును తూచి కూడా గాలి శాతం కట్టొచ్చు. దీనికి 10 లీటర్ల గట్టి ఇనుప పాత్ర, గ్రాముల దాకా చూపే తూకం చాలు. పాత్రలో అంచుదాకా నీళ్లు పోసి తూచి దాని అసలు పరిమాణం ముందే తేల్చుకోండి. కాంక్రీటును మూడు పొరలుగా నింపండి, ఒక్కో పొరకు 25 సార్లు కడ్డీతో కూరండి, రబ్బరు సుత్తితో పక్కలను తట్టండి, పైన పట్టీతో సమంగా గీయండి, అంచులు తుడిచి తూచండి.

ఇప్పుడు ప్లాంటు నుంచి మిక్స్ డిజైన్ అడిగి తెప్పించండి. ఉదాహరణకు సిమెంటు 280 కిలోలు, ఫ్లైయాష్ 80, నీళ్లు 162, రోబో శాండ్ (రాయిని పొడి చేసిన ఇసుక) 800, కంకర 1080, అడ్‌మిక్చర్ (కలిపే కెమికల్) 3.6 అనుకుందాం. మొత్తం 2405.6 కిలోలు. ఒక్కోదాన్ని దాని సాంద్రతతో భాగించండి: సిమెంటు 3.15, ఫ్లైయాష్ 2.2, ఇసుక 2.65, కంకర 2.7, అడ్‌మిక్చర్ 1.1. అన్నీ కూడితే 992.4 లీటర్లు వస్తుంది. అంటే గాలి అసలే లేకపోతే క్యూబిక్ మీటరు బరువు 2424 కిలోలు. మీ పాత్రలో 24 కిలోలు తూగితే గాలి ఒక శాతం, అది సహజం. 22.8 కిలోలే తూగితే 2424 లోంచి 2280 తీసి 2424తో భాగించండి. దాదాపు 6 శాతం. ఇసుక, కంకరల సాంద్రతలు మీ క్వారీవే వాడండి, లేకపోతే లెక్క ఒక శాతం దాకా తప్పుతుంది.

దీంట్లో డబ్బు సంగతి కూడా ఉంది. ఆరు క్యూబిక్ మీటర్ల మిల్లర్‌లో 2400 చొప్పున 14,400 కిలోల సరుకు ఉండాలి. 2280 అయితే 13,680. అంటే 720 కిలోలు తక్కువ సరుకు వచ్చినా ఘనపరిమాణం నిండినట్టే కనిపిస్తుంది. అనుమానం ఉంటే ధర్మకాంటా మీద నిండు బండినీ ఖాళీ బండినీ తూయించండి. ఖాళీ తూకం వేసేటప్పుడు డ్రమ్ములో కడిగిన నీళ్లు లేకుండా చూడండి.

ఎయిర్ కెమికల్ వేయకుండా గాలి ఎలా చేరుతుందంటే, ఎక్కువసార్లు సూపర్‌ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండా కాంక్రీటును జారేలా చేసే కెమికల్) వల్లే. ఇప్పుడు వాడే పాలీకార్బాక్సిలేట్ రకాలకు సహజంగానే నురగ పుట్టించే గుణముంది. దాన్ని అణచడానికి కంపెనీ వాళ్లు నురగను చంపే మందు కలుపుతారు. డ్రమ్ము ఎండలో నెలల తరబడి కదలకుండా ఉంటే ఆ మందు విడిపోయి పైకి తేలుతుంది. పంపు అడుగునుంచి తోడుతుంది కాబట్టి ప్లాంటులోకి నురగ పుట్టించే భాగమే ఎక్కువగా వెళ్తుంది. ప్లాంటు వాళ్లను డ్రమ్ములు నీడన పెట్టమనండి, వాడే ముందు కలియబెట్టమనండి, ఒకసారి వేరే బ్యాచ్ నంబరుతో ట్రయల్ వేయమనండి.

రెండో కారణం మీ సైటులోనే ఉండొచ్చు. సంపు, టాయిలెట్ స్లాబుల కోసం బస్తాకు 200 మి.లీ. వేసే వాటర్‌ప్రూఫింగ్ ద్రవాన్ని, అప్పటికే అడ్‌మిక్చర్ ఉన్న రెడీమిక్స్‌లో డ్రమ్ము పైనుంచి పోయిస్తున్నారా? వీటిలో కొన్ని గాలిని పుట్టిస్తాయి. రెడీమిక్స్‌లో సైటు దగ్గర అలాంటివి కలపకండి, కావాలంటే ప్లాంటులోనే ట్రయల్ చేసి వేయించాలి.

ఇప్పటికే పోసిన భాగాల సంగతి: క్యూబులు తప్పితే ఐ.ఎస్. 456 ప్రకారం కనీసం మూడు కోర్లు (పోసిన భాగంలోంచి తొలిచి తీసే ముక్కలు) తీయించాలి. వాటి సగటు గ్రేడులో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. పిల్లర్లకు ఈ పరీక్ష వాయిదా వేయొద్దు. పై అంతస్తు బరువు పడకముందే తేల్చుకోవాలి.

ప్రశ్న: పటాన్‌చెరులో గోడౌన్‌కు ట్రిమిక్స్ (వాక్యూమ్ పెట్టి అదనపు నీరు లాగేసే) ఫ్లోరు వేయించాం. పవర్ ట్రోవెల్‌తో నున్నగా వచ్చింది. రెండు వారాల తర్వాత అరచేతి వెడల్పు బొబ్బలు లేచాయి, తడితే డొల్ల శబ్దం. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగితే పైపొర పెచ్చులూడుతోంది. సిమెంటు తప్పా?

సిమెంటును అనుమానించే ముందు ఆ రోజు కాంక్రీటులో గాలి ఎంతో కనుక్కోండి. ఉక్కు బ్లేడుతో నున్నగా చేసే ఫ్లోరులో మొత్తం గాలి 3 శాతం దాటకూడదు. గాలి పుట్టించే కెమికల్ అసలే ఉండకూడదు. బ్లేడు పైపొరను నొక్కి మూసేస్తుంది. కింద ఇంకా పైకి వస్తున్న నీరూ గాలీ ఆ పొర కింద చిక్కుకుని పలకలా విడిపోతాయి. మన దగ్గర ఇది వేసవిలో ఎక్కువ. పైన ఎండి గట్టిపడ్డట్టు కనిపిస్తుంది, కింద ఇంకా మెత్తగానే ఉంటుంది. మేస్త్రీ కాలు పెట్టి చూసి మిషను ఎక్కిస్తాడు. గాలి ఎక్కువున్న కాంక్రీటులో నీరు పైకి తేలడం తక్కువ కాబట్టి, పైన మెరుపు పోయింది చూసి ఇంకా ముందే మోసపోతాడు.

ఇప్పుడు చేయాల్సింది: ఫ్లోరంతా చిన్న సుత్తితోనో గొలుసు ఈడ్చో తట్టుకుంటూ, డొల్ల ఉన్నచోటల్లా సుద్దతో గీయండి. ఆ పొర సాధారణంగా 3 నుంచి 6 మి.మీ. మందమే ఉంటుంది. చెల్లాచెదురుగా ఉంటే ఆ ముక్కలు కోసి తీసి, కింద గట్టి కాంక్రీటు తగిలేదాకా గరుకు చేసి, ఎపాక్సీ మోర్టారుతో నింపొచ్చు. మూడో వంతుకు పైగా ఉంటే అతుకులు వేసి లాభం లేదు, పైపొర మొత్తం మిల్లింగ్ చేసి కొత్త టాపింగ్ వేయించండి. ఫ్లోరులో తర్వాతి భాగాలు (బేలు) పోసేటప్పుడు మొదటి రెండు బండ్లకు పాత్ర తూకం పరీక్ష చేయించండి. 3 శాతం దాటితే ఆ బండిని ఫ్లోరుకు కాక కాంపౌండ్ పునాదికో మరోదానికో మళ్లించండి. అక్కడ కూడా దాని బలం సరిపోతుందో లేదో చూసుకున్నాకే.

ప్రశ్న: మేడ్చల్ దగ్గర మాంసం, చేపల కోల్డ్ స్టోరేజీ కడుతున్నాం. ఒక గది మైనస్ 20, ఒక బ్లాస్ట్ ఫ్రీజర్ (సరుకును వేగంగా గడ్డకట్టించే గది). ఇక్కడైనా గాలి కలిపిన కాంక్రీటు కావాలా?

హైదరాబాద్‌లో గడ్డకట్టే సమస్య కోసం దీన్ని నిజంగా ఆలోచించాల్సిన చోటు ఇదే. కానీ గది మొత్తానికి కాదు.

కాంక్రీటు దెబ్బతినాలంటే రెండూ కావాలి: అది నీళ్లతో దాదాపు నిండి ఉండాలి, పదే పదే గడ్డకట్టి కరగాలి. మైనస్ 20లో ఏడాదంతా ఒకేలా ఉండే పొడి గదిలో ఈ రెండూ లేవు. అక్కడ నీరు సిమెంటు నిష్పత్తి 0.45 మించకుండా, గాలి కలపకుండా వేసి, పవర్ ట్రోవెల్ చేయించండి. తలుపు గడప దగ్గర, బయటి గదిలోంచి తేమ వచ్చి కరిగే రెండు మూడు మీటర్ల మేరా, రోజూ డీఫ్రాస్ట్ చేసి కడిగే బ్లాస్ట్ ఫ్రీజర్ ఫ్లోరులోనూ గాలి కలిపింది వాడండి. 20 మి.మీ. కంకరతో 5 శాతం. ఆ భాగాలకు చెక్క తాపీ లేదా చీపురు గీతల ఫినిషింగే. ఉక్కు బ్లేడు తగలనీయకండి, పైన చెప్పిన బొబ్బలు వస్తాయి.

ఆ మిక్స్‌ను కొత్తగా డిజైన్ చేయించాలి. పాత మిక్స్‌లో కెమికల్ పోసి సరిపెట్టొద్దు. ఎం-30కి లక్ష్యం 38.25 ఎంపీఏ. మామూలు కన్నా నాలుగు శాతం గాలి ఎక్కువంటే బలం 20 శాతం తగ్గుతుంది కాబట్టి 38.25ను 0.8తో భాగించండి: గాలి లేకుండా దాదాపు 48 ఇచ్చే నీరు సిమెంటు నిష్పత్తి ఎంచుకోవాలి. పెరిగిన 40 లీటర్ల గాలికి బదులు, సుమారు 10 లీటర్ల నీళ్లూ 80 కిలోల ఇసుకా తగ్గించి ట్రయల్ మొదలుపెట్టండి. బుడగలే బాల్ బేరింగుల పని చేస్తాయి కాబట్టి స్లంప్ పడిపోదు.

ఫ్రీజర్ ఫ్లోర్లు పాడయ్యేది కాంక్రీటు వల్ల కన్నా, కింది మట్టి గడ్డకట్టి పైకి ఉబ్బడం వల్ల ఎక్కువ. అడుగు స్లాబు కింద గాలి ఆడే పైపులు గానీ హీటర్ కేబుళ్లు గానీ పెట్టండి. ఆవిరిని ఆపే షీటు ఇన్సులేషన్‌కు వెచ్చని వైపు, అంటే కిందే ఉండాలి. దాని అతుకులు టేపుతో మూయకపోతే మన వానాకాలం తేమ ఇన్సులేషన్‌లోకి చేరి మంచైపోతుంది. ఫ్లోరు పోసి 28 రోజులు నిండాకే చల్లదనం మొదలెట్టండి. రోజుకు 5 డిగ్రీల చొప్పున 2 డిగ్రీల దాకా దించి, అక్కడ రెండు నుంచి అయిదు రోజులు ఆపి, మళ్లీ అదే వేగంతో కిందికి. యజమాని తొందరపడి ఒకే రాత్రిలో దించితే ఫ్లోరు అడ్డంగా పగులుతుంది.

ప్రశ్న: రెడీమిక్స్ ప్లాంటు ల్యాబులో ఉన్నాను. రోబో శాండ్ గరుకుగా ఉంది, నీరు తేలుతోంది, పంపు జామ్ అవుతోంది. కొద్దిగా ఎయిర్ కెమికల్ వేస్తే ఎలా ఉంటుంది? ఫ్లైయాష్ ఒక లోడుకూ మరో లోడుకూ రంగు మారుతోంది.

మంచు లేకపోయినా దీనికి పనుంది, అది మీరు అడిగిన పనే. సిమెంటు తక్కువున్న గరుకు మిశ్రమంలో బుడగలు సన్న ఇసుక లోటును తీరుస్తాయి, నీరు తేలడం తగ్గుతుంది. నీళ్లు తగ్గించుకోవచ్చు కాబట్టి, సిమెంటు తక్కువున్న ఆనకట్ట కాంక్రీటులో బలం పెద్దగా పోదు. హిరాకుడ్, కోయ్నా, రిహాండ్ ఆనకట్టల్లో దీన్ని అందుకే వాడారు. మొదట విదేశీ కెమికళ్లు తెప్పించి, తర్వాత 1950ల్లో ఇక్కడే తయారుచేసిన వాటిలో కుంకుడుకాయ పొడి కూడా ఒకటి.

మీ విషయంలో మొత్తం గాలి 3 శాతం దాటనీయకండి, ఎం-30 పైన వద్దే వద్దు. దానికన్నా ముందు ఇసుక జల్లెడ పట్టి చూడండి. 300 మైక్రాన్ల కింద సరుకు తక్కువుంటే ఫ్లైయాష్ 20 కిలోలు పెంచి చూడండి. చాలాసార్లు అంతటితో పంపు నడుస్తుంది.

ఫ్లైయాష్ రంగు మారడం తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. నలుపు ఎక్కువంటే సగం కాలిన బొగ్గు ఎక్కువ. అది ఎయిర్ కెమికల్‌ను పీల్చేస్తుంది. ఈ రోజు సరిపోయిన మోతాదు రేపటి లోడులో అసలు పనిచేయకపోవచ్చు. తర్వాత మంచి లోడు వస్తే అదే మోతాదుకు గాలి రెట్టింపయి క్యూబులు పడిపోతాయి. కాల్చినప్పుడు తగ్గే బరువు 5 శాతం మించకూడదని ఫ్లైయాష్ ప్రమాణం ఐ.ఎస్. 3812 చెబుతుంది, కానీ అయిదు లోపలే ఒకటికీ నాలుగుకూ ఉన్న తేడా మీకు చాలు ఇబ్బంది పెట్టడానికి. ప్రతి లోడుకూ సీసా పరీక్ష చేయండి: 16 గ్రాముల సిమెంటు, 4 గ్రాముల ఫ్లైయాష్, 50 మి.లీ. నీళ్లు మూత సీసాలో వేసి కుదపండి. ఒక వంతు కెమికల్‌కు 20 వంతుల నీళ్లు కలిపిన ద్రవాన్ని చుక్కలుగా వేస్తూ ప్రతిసారీ 15 సెకన్లు కుదపండి. నురగ 45 సెకన్లు పగలకుండా నిలిచేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో రాసుకోండి. నిన్నటికీ ఈ రోజుకీ చుక్కలు బాగా మారితే మోతాదు కూడా మారాల్సిందే.

ప్రశ్న: మా కంపెనీకి లద్దాఖ్‌లో పని వచ్చింది. ట్రయల్ మిక్స్‌లు మే నెలలో హైదరాబాద్ ల్యాబులో చేశాం, గాలి సరిగ్గా 5 శాతం వచ్చింది. అదే మోతాదు అక్కడ వాడొచ్చా?

వాడొద్దు. వేడి పెరిగితే అదే మోతాదుకు గాలి తక్కువ పుడుతుంది, చలికి ఎక్కువ. ఇక్కడ 35 డిగ్రీల కాంక్రీటులో 5 శాతం ఇచ్చిన మోతాదు అక్కడ 10 డిగ్రీల్లో 7 దాటించొచ్చు. అక్కడి సిమెంటు, ఇసుక, నీళ్లతో, అక్కడి ఉష్ణోగ్రతలోనే మళ్లీ ట్రయల్ చేయండి. ఇక్కడి ట్రయల్ కెమికళ్లు ఒకదానితో ఒకటి పడతాయో లేదో తేల్చుకోవడానికి పనికొస్తుంది.

గాలిని ప్లాంటు దగ్గరే కాక పంపు చివర కూడా కొలవండి. దూరం తిరిగి, పంపులో నలిగి, బూమ్ నుంచి నిటారుగా కిందపడితే ఒకటి ఒకటిన్నర శాతం పోతుంది. వైబ్రేటరు ఒకేచోట ఎక్కువసేపు ఉంచినా పోతుంది. కొలిచే మీటరు నీటిమట్టం దిగడాన్ని చూపే రకమైతే, సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తులోని హైదరాబాద్‌లో చేసిన క్యాలిబ్రేషన్ 3,500 మీటర్ల లేహ్‌లో చెల్లదు, అక్కడ మళ్లీ చేయాలి. గాలి కలిపాం కదా అని తాజా కాంక్రీటును చలికి వదలకండి. మొదటిసారి గడ్డకట్టేలోపు కనీసం 3.5 ఎంపీఏ, పదే పదే గడ్డకట్టి కరిగే కాలం వచ్చేలోపు దాదాపు 24 ఎంపీఏ బలం రావాలి. అంతదాకా దుప్పట్లతో కప్పి ఉంచాలి.

ప్రశ్న: ప్లాస్టరింగ్‌లో మేస్త్రీ బట్టల సబ్బు పొడి గుప్పెడు వేస్తున్నాడు. "మాలు వెన్నలా వస్తుంది సార్, మీకేం కాదు" అంటున్నాడు. ఆపమనాలా? – ఒక పాఠకుడు, ఉప్పల్

ఈ రోజే ఆపించండి. అతను చేస్తున్నది కూడా గాలి కలపడమే, కానీ లెక్కాపత్రం లేకుండా. సబ్బు పొడి నురగలో పెద్దా చిన్నా బుడగలు ఎంత చేరతాయో చెప్పలేం. గోడకు పట్టు తగ్గుతుంది, పొడిలోని లవణాలు తర్వాత తెల్లగా పైకి తేలతాయి. మేస్త్రీ కష్టం మాత్రం నిజమే. రోబో శాండ్ మాలు తాపీకి అంటుకుని జారదు. ప్లాస్టరింగ్‌కని విడిగా అమ్మే సన్న రకం తెప్పించి, 2.36 మి.మీ. జల్లెడ పట్టించండి. లేదా ఒక వంతు సిమెంటు, ఒక వంతు పొడి సున్నం, ఆరు వంతుల ఇసుక కలపమనండి. సున్నంతో మాలు అతను కోరుకున్నంత మెత్తగా వస్తుంది.

ఇప్పటికే చేసిన గోడలను వారం క్యూరింగ్ అయ్యాక పరీక్షించండి. మేకుతో గట్టిగా గీస్తే సన్నటి గీత పడాలి. ఇసుక రాలుతూ గాడి పడితే, లేదా తట్టినప్పుడు డొల్లగా మోగితే, పెయింటు పుట్టీ వేయకముందే ఆ భాగం చెక్కించి మళ్లీ చేయించండి. బాత్రూము టైల్స్ వెనక గోడలైతే ఏ అనుమానమున్నా చెక్కించాల్సిందే, ఎందుకంటే టైల్ బరువంతా ఆ ప్లాస్టర్ మీదే వేలాడుతుంది.